నేలకింద నూనె, కాగితంమీద గడువు

ఉగాది పచ్చడి తిన్న చెయ్యి ఇంకా కడుక్కోకముందే, తమ్ముడిలాంటి స్నేహితుడొకడు నన్ను హాలు బయటికి తీసుకెళ్ళి, కారు డిక్కీలోంచి ఒక లావుపాటి రిపోర్టు తీశాడు. మేముండేది కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని వాటర్లూ ప్రాంతం. ఇక్కడి తెలుగువాళ్ళలో ఎక్కువమంది సాఫ్ట్‌వేరువాళ్ళే. నేను ఆ మందలో కలవని గొర్రెని. నేలకింద నీళ్ళు ఎటు పోతున్నాయో, వాటితోపాటు విషాలు ఎటు పోతున్నాయో కంప్యూటరుమీద లెక్కకట్టటం నా ఉద్యోగం.

మా వాడు నాలుగు దుకాణాలున్న చిన్న ప్లాజా ఒకటి కొనబోతున్నాడు. తన పొదుపుకి తోడు, గుడివాడ దగ్గర వాళ్ళ నాన్నగారు పొలం అమ్మి పంపిన డబ్బు పెడుతున్నాడు. ఆ నాలుగు దుకాణాల్లో ఒకదాంట్లో ఏళ్ళ తరబడి డ్రై క్లీనింగు నడిచిందట. అమ్మేవాళ్ళ తరఫున తయారైన ఆ రిపోర్టులో వరసగా రంగు బొమ్మలున్నాయి. మొదటి బొమ్మలో ప్లాజా కింద ఎర్రటి మరక. తరవాతి బొమ్మల్లో అది నారింజగా, పసుపుగా మారుతూ, పన్నెండో ఏటికి అంతా నీలంగా, శుభ్రంగా ఉంది.

"పన్నెండేళ్ళలో అంతా పోతుందని కంప్యూటరే చెప్పింది కదా అన్నయ్యా! కొనమంటారా, వద్దంటారా?" అన్నాడు.

"కంప్యూటరు చెప్పింది" అన్న మాట నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. ఆ మాటలో ఎంత నిజం ఉందో, ఎంత లేదో చెప్పటానికే ఈ వ్యాసం. మనవాళ్ళు ఉత్తర అమెరికాలో గ్యాస్ స్టేషన్లు, మోటెళ్ళు, ప్లాజాలు కొంటున్నారు. ఇక్కడ కొనని వాళ్ళకి కూడా అక్కడ, మన ఊళ్ళల్లో, బావులున్నాయి. అందుకని ఇది అందరికీ పనికొచ్చే విషయమే అనుకుంటున్నాను.

తేలే నూనెలు, మునిగే నూనెలు

మన వంటింట్లో ఏ నూనె అయినా పులుసుమీద తేలుతుంది. పెట్రోలు, డీజిలు కూడా అంతే. అవి నేలలోకి ఇంకితే, లోపల నీటిమట్టం తగిలినచోట ఆగి, దానిమీద పరుచుకుంటాయి. కాని పులుసు అడుక్కి దిగిపోయే నూనెలు కూడా ఉన్నాయి. డ్రై క్లీనింగులో వాడే పెర్‌క్లోరోఇథిలీన్ (వాడుకలో పెర్క్ అంటారు), యంత్రభాగాల జిడ్డు వదిలించటానికి వాడుతూ వచ్చిన ట్రైక్లోరోఇథిలీన్, రైలు స్లీపర్లకి పూసే క్రియోసోట్ ఈ జాతివి. పెర్క్ నీటికంటే అరవై శాతం బరువైనది. చిందితే నీటిమట్టం దగ్గర ఆగదు. ఇసుకరేణువుల సందుల్లోంచి కిందికి, ఇంకా కిందికి దిగిపోతుంది. ఈ మునిగే నూనెల్ని మా వృత్తిలో డీనాపుల్ అని ముద్దుగా పిలుచుకుంటాం. ముద్దు పేరే కాని ముద్దొచ్చే వస్తువు కాదు.

దీనితో వచ్చిన చిక్కంతా ఒక చిన్న లెక్కలో ఉంది. పెర్క్ నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. లీటరు నీటిలో 150 నుంచి 200 మిల్లీగ్రాములు, అంతే. అంటే ఒక లీటరు పెర్క్ పూర్తిగా కరిగిపోవాలంటే, దాన్ని ఆనుకుని పోయే నీళ్ళు కనీసం ఎనిమిది వేల లీటర్లు కావాలి. నేలకింద నీళ్ళు రోజుకి జానెడు కూడా నడవని చోట్లు చాలా ఉన్నాయి కనక, ఆ లీటరు కరగటానికి దశాబ్దాలు పట్టచ్చు. ఇది ఒక వైపు. రెండో వైపు చూడండి. తాగేనీటిలో పెర్క్ ఉండదగ్గ హద్దు కెనడాలో లీటరుకి 0.01 మిల్లీగ్రాము. ఆ హద్దు ప్రకారం లెక్కకడితే, ఒకే ఒక్క లీటరు పెర్క్ దాదాపు 16 కోట్ల లీటర్ల నీటిని తాగటానికి పనికిరాకుండా చెయ్యగలదు. ఒలింపిక్ ఈతకొలనులు అరవైకి పైగా నిండే నీళ్ళవి.

త్వరగా కరిగి కొట్టుకుపోయేదైతే పీడా విరగడయ్యేది. అసలు కరగనిదైతే నీళ్ళకి ముప్పే ఉండేది కాదు. ఇది ఆ రెంటికీ చెందక, మన మనవల కాలం దాకా కొంచెం కొంచెంగా విషం కక్కుతూ కూర్చుంటుంది.

కంప్యూటరు లోపల ఏం జరుగుతుంది?

మన సాఫ్ట్‌వేరువాళ్ళకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. నేలని చదరంగం బల్లలాగా గళ్ళుగా కోస్తాం, పొడవు వెడల్పుల్లోనే కాక లోతులో కూడా. ఒక్కొక్క గడిలో నీళ్ళెన్ని, నూనె ఎంత, గాలి ఎంత, వాటి ఒత్తిడి ఎంత అన్నది రాసుకుంటాం. పక్క గడిలో ఒత్తిడి తక్కువైతే ఇటునుంచి అటు ప్రవహిస్తుంది. కొంచెం కాలం గడిచాక మళ్ళీ లెక్క. ఇలా వేల గళ్ళకి, వేలసార్లు. ఇందులో మెలిక ఏమిటంటే, ఒక గడిలో నూనె పెరిగినకొద్దీ అక్కడ నీళ్ళకి దారి తగ్గిపోతుంది. నూనె ఎంతో తెలిస్తేగాని దారి ఎంతో తెలియదు, దారి తెలిస్తేగాని నూనె తెలియదు. అందుకని ఊహించి, లెక్కకట్టి, తేడా చూసి, దిద్దుకుని, మళ్ళీ లెక్కకట్టాలి.

ఈ విద్యకి పుట్టిళ్ళలో ఒకటి మా వాటర్లూ విశ్వవిద్యాలయమే. అక్కడి ఆచార్యుడు జాన్ చెర్రీ, బ్రిటిష్ కొలంబియాకి చెందిన అలన్ ఫ్రీజ్ కలిసి 1979లో రాసిన "గ్రౌండ్‌వాటర్" అన్న పుస్తకమే ఈ రంగంలో మా తరానికంతటికీ పెద్దబాలశిక్ష. చెర్రీకి 2020లో స్టాక్‌హోమ్ వాటర్ ప్రైజు వచ్చింది. ఎమిల్ ఫ్రిండ్, ఎడ్వర్డ్ సుడిక్కీ లాంటివాళ్ళు గణితాన్ని ప్రోగ్రాములుగా మార్చారు. కాని వీళ్ళు కంప్యూటరు ముందే కూర్చుని ఉంటే ఇంత పేరు వచ్చేది కాదు. టొరాంటోకి వాయవ్యాన బోర్డెన్ అనే సైనిక స్థావరం ఉంది. దాని ఇసుక నేలే వీళ్ళ ప్రయోగశాల అయింది. 1982లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళతో కలిసి 12 వేల లీటర్ల నీళ్ళలో కొన్ని రసాయనాలు కలిపి నేలలోకి ఎక్కించి, సుమారు 5 వేల చోట్లనుంచి నమూనాలు తీస్తూ మూడేళ్ళపాటు దాని వెంటపడ్డారు. ఆ నీళ్ళు రోజుకి 9 సెంటీమీటర్ల చొప్పున నడిచాయి. నీళ్ళలో కరిగినదాని విషయంలో లెక్కలు చాలావరకు బాగానే కుదిరాయి.

తరవాత నూనెల వంతు వచ్చింది. 1990ల తొలి రోజుల్లో నేలలోకి ఇనప రేకులు దిగగొట్టి గదుల్లాగా కట్టి, వాటిలో కావాలనే పెర్క్ పోశారు. తొమ్మిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు ఉన్న ఒక గదిలో పోసింది 770 లీటర్లు. ఇలాంటి ప్రయోగాల్లో నేలని తవ్వి చూస్తే ఏం తేలింది? పైకి ఒకేలా కనిపించే ఇసుకలో కూడా, మన కంటికి ఆనని తేడాలున్న పలచటి పొరల వెంట పెర్క్ పక్కకి పాకింది. కొన్నిచోట్ల దాని మందం వేలెడు కూడా లేదు. అది నీళ్ళు ఎటు పోతే అటు పోదు. అడుగున ఉన్న పొర ఎటు వాలితే అటు జారుతుంది.

ఇప్పుడు మా వాడి రిపోర్టుకి రండి. అందులో ఒక్కొక్క గడి అయిదు మీటర్ల వెడల్పు. అసలు నూనె ఉండేది వేలెడు మందాన. వల కన్ను అంత పెద్దదైతే చేప ఎక్కడ చిక్కుతుంది? అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. రోజువారీ కన్సల్టింగు పనుల్లో వాడే మోడళ్ళలో ఎక్కువ భాగం నీళ్ళనీ, నీళ్ళలో కరిగినవాటినీ మాత్రమే లెక్కకడతాయి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1984లో వెలువరించిన మాడ్‌ఫ్లో, దాని పిల్లా మేకా, ఈ కోవకి చెందినవే. వాటిలో నూనె అనే వస్తువే లేదు. దాని బదులు మనిషి చేత్తో టైపు చేసిన ఒక అంకె ఉంటుంది: "ఇక్కణ్ణుంచి ఏడాదికి ఇంత విషం, ఇన్నేళ్ళపాటు వస్తుంది" అని. మా వాడి రిపోర్టులో ఆ అంకె మొదటి ఏడాది తరవాత సున్నా. అంటే నూనెనంతా ఎవరో తవ్వి తీసేసినట్టు అనుకుని లెక్క మొదలుపెట్టారన్నమాట. ఎవరూ తవ్వలేదు. పన్నెండేళ్ళని చెప్పింది కంప్యూటరు కాదు, ఆ సున్నా.

ఎల్మైరా కథ

మా ఇంటికి ఉత్తరాన కారులో ఇరవై నిమిషాల దూరంలో ఎల్మైరా అనే చిన్న ఊరుంది. వసంతంలో మేపుల్ సిరప్ పండగకి మన పిల్లల్ని తీసుకెళ్ళే ఊరే. అక్కడ 1942 నుంచి ఒక రసాయనాల కర్మాగారం ఉంది. యూనిరాయల్ పేరుతో చాలామందికి గుర్తు. చేతులు మారి ఇప్పుడు లాంక్సెస్ అయింది. వియత్నాం యుద్ధంలో అడవుల ఆకు రాల్చటానికి వాడిన ఏజెంట్ ఆరెంజ్ మందు 1960లలో ఇక్కడ కూడా తయారైంది. ఆ రోజుల్లో అందరూ చేసినట్టే వీళ్ళు కూడా వ్యర్థాల్ని గోతుల్లో, మడుగుల్లో పోశారు. 1989 నవంబరులో ఊరి బావుల్లో ఎన్.డి.ఎం.ఎ. అనే కాన్సరు కారకం బయటపడింది. ఊరి బావులు మూసేసి, వాటర్లూనుంచి గొట్టం వేసి నీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది. ఈనాటికీ ఎల్మైరా ప్రజలు తమ కాళ్ళకింద ఉన్న నీళ్ళు తాగటం లేదు.

ఎన్.డి.ఎం.ఎ. నూనె కాదు, నీళ్ళలో ఇట్టే కలిసిపోతుంది. ఒంటారియోలో దాని హద్దు లీటరుకి 9 నానోగ్రాములు. అంటే గ్రాములో వంద కోట్లవ వంతులు తొమ్మిది. దాని పక్కనే క్లోరోబెంజీన్ ఉంది. అది మునిగే నూనెల జాతిది. కర్మాగారం ఆవరణలో నేలకింద ఇలాంటి బరువు నూనెలు దొరికాయి. ఆవరణ దాటి ఊరికిందికి పాకాయా లేదా అన్నదానిమీద ఏళ్ళ తరబడి వాదోపవాదాలు నడిచాయి.

1998లో ఊరికింది నీళ్ళని తోడి, శుద్ధి చేసే పని మొదలైంది. ముప్ఫై ఏళ్ళలో, అంటే 2028కల్లా, ఆ జలస్తరాన్ని మళ్ళీ తాగేనీటి స్థాయికి తేవాలన్నది గడువు. ఎన్ని బావులు, ఎక్కడ, ఎంత తోడాలన్నదానికి మోడళ్ళే ఆధారం. తోడకం వృథా పోలేదు. చాలా విషం బయటికి వచ్చింది, మరక తగ్గింది. కాని 2028 నాటికి లక్ష్యం చేరలేమని కంపెనీ వైపునుంచే చెప్పేశారు. ముప్ఫై ఏళ్ళ వయసులో ఆ మాట విన్నవాళ్ళు అరవైకి చేరుతున్నారు.

ఎందుకు తప్పింది? ఒకటి, మూలంలో మిగిలిపోయినది. రెండోది, బంకమట్టి పొరలు. మట్టికుండలో చేపల పులుసు వండిన ఇల్లాలికి ఇది వేరే చెప్పక్కరలేదు. ఎన్నిసార్లు కడిగినా, మర్నాడు అందులో పాలు కాస్తే ఆ వాసన వస్తుంది. దశాబ్దాలపాటు విషపు నీళ్ళు పక్కన పారుతుంటే బంకమట్టి దాన్ని పీల్చుకుంటుంది. ఇసుకలో నీళ్ళు శుభ్రం కాగానే, పీల్చుకున్నదాన్ని మెల్లగా వదలటం మొదలుపెడుతుంది. తోడే మోటార్లు ఈ మట్టిని తొందరపెట్టలేవు.

ఇది ఎల్మైరా ఒక్కదాని గొడవ కాదు. అమెరికాలో జాతీయ పరిశోధనా మండలి 1994లో ఇలా తోడి శుద్ధిచేసే 77 చోట్లని పరిశీలిస్తే, 69 చోట్ల లక్ష్యం చేరలేదని తేలింది. అప్పటినుంచి మా వృత్తిలో "ఎప్పటికి శుభ్రమవుతుంది?" అన్న ప్రశ్న వినగానే బుద్ధిమంతులు గొంతు సవరించుకుంటారు.

నా పొరపాటు

నేను ఆ బుద్ధిమంతుల్లో మొదటినుంచీ లేను. పదిహేనేళ్ళ క్రితం ఒక పల్లెటూరి సభలో (ఊరి పేరు, కంపెనీ పేరు అనవసరం) నా మోడలు బొమ్మలు చూపించి, పద్దెనిమిదేళ్ళు పడుతుందని చెప్పాను. ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి, "నాకిప్పుడు డెబ్భై ఒకటి. మా నాన్న తవ్విన బావి. నేను పోయేలోపు ఆ నీళ్ళు మళ్ళీ తాగుతానా?" అని అడిగింది. నేను కూడిక చేసి, "ఎనభై తొమ్మిదో ఏట తాగుతారండీ" అన్నాను. సభలో అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది.

మొదటి మూడేళ్ళు కొలతలు నా గీతమీదే దిగాయి. తరవాత గీత కిందికి పోతోంది, కొలతలు మాత్రం అక్కడే అడ్డంగా నిలబడ్డాయి. నా లెక్క తిరగేసి చూసుకుంటే, మూలంలో ఎంత నూనె ఉందన్న అంకె పాత నివేదికలోంచి నేను ఎత్తి రాసింది. ఆ నివేదికవాళ్ళు ఇంకో పాత నివేదికలోంచి ఎత్తి రాశారు. ఎవరూ కొలిచింది కాదు. ప్రోగ్రాములో ఒక్క తప్పు లేదు. నేను "తెలియదు" అని రాయాల్సిన చోట ఒక అంకె రాశాను, అంతే. ఆ పెద్దావిడ నా గడువుకి చాలా ముందే పోయింది. మరుసటి సభకి వాళ్ళమ్మాయి వచ్చింది. నన్ను ఏమీ అనలేదు. ఏదైనా అనుంటే బాగుండేదేమో.

ముల్లుని ముల్లుతోనే

మరి చెయ్యగలిగిందేమీ లేదా? ఉంది. సబ్బు నీళ్ళు ఎక్కించి నూనెని కడగచ్చు. కాని సబ్బు తగలగానే నూనె పట్టు వదిలి ఇంకా లోతుకి జారే ప్రమాదం ఉంది. ఆల్కహాలు ఎక్కించి నూనెని కరిగించి తోడచ్చు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య సురేష్ రావు గారు, వారి సహచరులు 1990లలో యూటాలోని హిల్ వైమానిక స్థావరంలో ఇది చేసి చూపించారు. నేలని వేడిచేసి ఆవిరిగా లాగచ్చు. పర్మాంగనేటు పోసి విరగ్గొట్టచ్చు. వాటర్లూకి చెందిన రాబర్ట్ గిల్‌హామ్ బృందం 1991లో బోర్డెన్‌లో ఇనప రజనుతో నేలకింద గోడ కట్టి, దానిగుండా పారే నీళ్ళలో ఈ విషాలు వాటంతటవే విరిగేలా చేసింది.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది మాత్రం నూనెని నూనెతోనే వదిలించటం. వంటకి వాడే సోయా నూనెని పాలలాగా చిలికి నేలలోకి ఎక్కిస్తారు. అది అక్కడి సూక్ష్మజీవులకి మేత. మేత దొరికి ప్రాణవాయువు అయిపోయాక, కొన్ని సూక్ష్మజీవులు పెర్క్‌లోని క్లోరీను అణువుల్ని ఒకటొకటిగా ఊడబెరుకుతాయి. చివరికి మిగిలేది ఇథిలీన్, మన మామిడికాయల్ని ముగ్గబెట్టే వాయువు. ఈ పని చివరిదాకా చేసే సూక్ష్మజీవుల పెంపకాల్లో పేరున్నది ఒకటి మా ఒంటారియోదే. టొరాంటో విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ ఎడ్వర్డ్స్ పరిశోధించిన కేబీ-1 అనే ఈ మిశ్రమాన్ని మా పక్క ఊరు గ్వెల్ఫ్‌లో పెంచి, అమ్ముతున్నారు.

ఇక్కడ కూడా మోడలు కావాలి. చిలికిన నూనె ఎంతదూరం పాకుతుంది, ఇసుక సందుల్ని పూడ్చేస్తుందా, పూడిస్తే విషపు నీళ్ళు పక్కదారి పడతాయా అన్నవి ముందే చూసుకోవాలి. పని సగంలో ఆగితే పెర్క్‌కంటే ప్రమాదమైన వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగిపోతుంది. ఏ పద్ధతి వాడినా, నూటికి తొంభై పాళ్ళు తీసేసినా, మిగిలిన పదీ హద్దు దాటించటానికి చాలు. ఇందాకటి పదహారు కోట్ల లీటర్ల లెక్క గుర్తుందిగా!

మోడల్ని ఎక్కడ నమ్మాలి?

అయితే ఈ మోడళ్ళు దండగమారివా? కాదు. మా ఇంటికి వాయవ్యాన వాకర్టన్ అనే ఊళ్ళో 2000 మే నెలలో బావి నీళ్ళలో ఈ-కోలై చేరి ఏడుగురు పోయారు, 2300 మంది జబ్బుపడ్డారు. దాని పర్యవసానంగా ఒంటారియో 2006లో స్వచ్ఛజలాల చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి ఊరి బావి చుట్టూ, నీటిబొట్టు రెండేళ్ళలో, అయిదేళ్ళలో, పాతికేళ్ళలో బావికి చేరే మేర గీతలు గీశారు. ఆ గీతలు గీసింది మోడళ్ళే. అయిదేళ్ళ గీత లోపల మునిగే నూనెలు ఎంత తక్కువ ఉన్నా పెద్ద ముప్పుగానే లెక్క. బావికి అంత దగ్గరలో ఒక డబ్బా చాలు అని చట్టమే ఒప్పుకుంది.

తేడా గమనించండి. గీత గియ్యటంలో మోడలు నూరు మీటర్లు తప్పినా పెద్ద నష్టం లేదు, ఇంకొంచెం దూరంగా గీస్తాం. తారీఖు చెప్పటంలో తప్పితే ఒక తరం మోసపోతుంది. నూనె చిందకముందు కంచె ఎక్కడ వెయ్యాలో మోడల్ని అడగండి, బాగా చెబుతుంది. చిందాక ముహూర్తం పెట్టమంటే మాత్రం, అది పంచాంగం కాదు.

మన దేశంలో ఈ కంచె సంగతి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. మా మేనమామ వాళ్ళది పటాన్‌చెరు దగ్గర పల్లె. చిన్నప్పుడు సెలవులకి వెళితే చేదబావి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉండేవి. నా ఇంజనీరింగు అయ్యేసరికి ఆ నీళ్ళతో బట్టలు ఉతికినా మరకలు పడేవి. నక్కవాగు కథ పత్రికల్లో చదవనివాళ్ళుండరు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకి చేరింది. 1994లో అందరికీ కలిపి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం వచ్చింది. హైదరాబాదులోని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు గురునాథరావు గారు, వారి సహచరులు ఆ ప్రాంతంలో కాలుష్యం నేలకింద ఎటు పాకుతోందో మోడలు కట్టి 2001లో ప్రచురించారు. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ శుద్ధి కేంద్రంనుంచి బయటికి వచ్చే నీళ్ళలోనే సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చెప్పేసరికి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. లెక్కకట్టగల బుర్రలు మనకి ఎప్పుడూ కరువు కాలేదు. ఆ లెక్క కర్మాగారం కట్టకముందు కట్టి, గీత గీసి, దాన్ని దాటనివ్వకపోవటమే మనకి చేతకాలేదు. మా మేనమామ ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బా నీళ్ళు కొనుక్కుంటాడు. బావిమీద సిమెంటు పలక వేయించాడు.

మూడు ప్రశ్నలు

మా వాడికి కొనమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. అమ్మేవాళ్ళ కన్సల్టెంటుని మూడు ప్రశ్నలు అడగమన్నాను. ఇవి మీకు కూడా పనికొస్తాయి.

ఒకటి: నూనె ఎక్కడుందో, ఎంతుందో ఎవరైనా నేలకి కన్నం పెట్టి కొలిచారా, లేక ఊహించారా? రెండు: ఆ ఊహ పదింతలు తప్పితే గడువు ఎంత మారుతుంది? ఒకే గడువు చెప్పేవాడికంటే "పదిహేనునుంచి నూరేళ్ళ దాకా" అనేవాడు నిజాయితీపరుడు. మూడు: ఇదివరకు మీరు చెప్పినదానికీ, తరవాత కొలిచినదానికీ ఎంత తేడా వచ్చింది? ఈ మూడోది నన్ను అడిగితే నేనేం చెప్పాలో పైన రాశాను.

జవాబులు రావటానికి రెండు నెలలు పట్టింది. చివరికి దుకాణం గచ్చుకింద ఎవరూ కన్నం పెట్టలేదని తేలింది. ముందు తవ్వి చూపించండి, తరవాత ధర మాట్లాడుకుందాం అన్నాడు మా వాడు. వాళ్ళు ఒప్పుకోలేదు. బేరం పోయింది. వాడి భార్య మాత్రం నాకు ఫోనుచేసి, "అన్నయ్యగారూ, మంచి బేరం పోయిందని ఈయన ఇంకా బాధపడుతున్నారు, కాస్త చెప్పండి" అంది. నేను చెప్పేలోపే గుడివాడనుంచి వాళ్ళ నాన్నగారు చెప్పేశారట.

"నేను ఆ పొలం కొనేముందు నాలుగు చోట్ల తవ్వించి, మట్టి చేతిలోకి తీసుకుని చూశానురా. నువ్వు బొమ్మ చూసి కొందామనుకున్నావా?"